వాన ఎటు పోతుంది?

బడి పుస్తకంలో జలచక్రం బొమ్మ అందరమూ చూసినదే. సముద్రం మీద ఎండ కాస్తుంది, ఆవిరి లేస్తుంది, మబ్బు కడుతుంది, కొండ మీద వాన పడుతుంది, ఏరు కొండ దిగి మళ్లీ సముద్రంలో కలుస్తుంది. బొమ్మలో అబద్ధమేమీ లేదు. కానీ కోనసీమలో ఉన్నవారికి అది సరిపోయినంతగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులకు సరిపోదు. ఆ బొమ్మలో నీలిరంగుతో లావుగా గీసిన ఏరు ఈ సీమలో సన్నటి గీత. చెట్ల మీదినుంచి పైకి రెండు మూడు బాణాలతో సరిపెట్టిన ఆవిరి ఇక్కడ అసలు ప్రవాహం. ఈ ప్రాంతంలో పడిన వానలో చాలా భాగం కిందికి పారదు, పైకి పోతుంది. ఈ ఒక్క సంగతిని సరిగా పట్టుకుంటే ఇక్కడి కరువు గురించి మనం నమ్మే చాలా మాటల్ని మళ్లీ తూచి చూడాల్సి వస్తుంది.

ముందు లెక్క చూద్దాం. పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద బరువు దించుకున్నాక ఇటు వస్తాయి; ఈశాన్య ఋతుపవనం తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి పలచబడుతుంది. రెండు కాలాలకూ చివరి వరుసలో ఉన్న నేల ఇది. అయినా 550 మిల్లీమీటర్లు తక్కువేమీ కాదు. ఒక ఎకరం మీద అంత వాన పడితే 22 లక్షల లీటర్లు. 19,130 చదరపు కిలోమీటర్ల పాత జిల్లా అంతటికీ లెక్కగడితే దాదాపు 370 టీఎంసీలు. శ్రీశైలం వెనుక జలాల నుంచి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు ఉమ్మడి జిల్లాలు నాలుగింటికీ నీరివ్వడానికి తలపెట్టిన హంద్రీ-నీవా పథకం వాటా 40 టీఎంసీలని గుర్తుచేసుకుంటే, ఆకాశం ఈ ఒక్క జిల్లాకు ఇస్తున్నది ఎంతో తెలుస్తుంది. అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ 370 టీఎంసీలు ఎక్కడికి పోతున్నాయని.

ఏట్లోకి పోతున్నాయా? పెన్న కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, గౌరీబిదనూరు మీదుగా హిందూపురం దగ్గర మన రాష్ట్రంలో అడుగుపెట్టి, జయమంగళిని కలుపుకుని, పరిగి, రొద్దం దాటి, కర్ణాటకలోని పావగడ తాలూకాలో కాసేపు నడిచి మళ్లీ ఇటు వస్తుంది. ఆ కొండల పరిసరాల్లోనే పుట్టిన చిత్రావతి పుట్టపర్తి, ధర్మవరం పక్కగా పోయి కడప జిల్లాలో పెన్నలో చేరుతుంది. నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలిసేదాకా పెన్న పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. కేంద్ర జలసంఘం పాత అంచనా ప్రకారం దాని సగటు వార్షిక ప్రవాహం 632 కోట్ల ఘనమీటర్లు. ఈ నీటిని పరీవాహకమంతటా సమంగా పరిస్తే 114 మిల్లీమీటర్ల మందం. ఆ ప్రాంతమంతటి సగటు వాన సుమారు 700 మిల్లీమీటర్లు కనుక, ఏట్లోకి చేరేది ఆరో వంతు. అదీ నెల్లూరు వైపు కురిసే తుపాను వానల్ని కలుపుకుని. ఎగువన హిందూపురం దగ్గర వాటా ఇంకా చిన్నది. 1674లో పారిస్‌లో పియర్ పెరో అనే ఆయన సెన్ నది ఎగువ భాగం మీద పడిన వాననూ ప్రవహించిన నీటినీ పోల్చి, వాన ప్రవాహానికి ఆరు రెట్లుందని చూపాడు. నదులు నిండడానికి వాన చాలదనీ, భూమి లోపలి ఏవో సొరంగాల నుంచి నీరు రావాలనీ అప్పటిదాకా పండితులు వాదించేవారు. ఆ వాదానికి పెరో లెక్క తెర దించింది. ఆ తరవాత మిగిలింది మన ప్రశ్నే: మిగతా ఐదు వంతులు ఏమయ్యాయి?

చాలా మటుకు ఆవిరయ్యాయి. భూగోళమంతటా నేల మీద ఏటా పడే సుమారు 1,10,000 ఘన కిలోమీటర్ల వాననీటిలో 70,000 దాకా మట్టి నుంచి, ఆకుల నుంచి తిరిగి గాలిలోకే పోతుంది. మెట్టసీమల్లో ఈ వాటా ఇంకా పెద్దది. కారణం ఎండ. నీరు అడ్డులేకుండా దొరికితే అనంతపురం ఎండ, గాలి కలిసి ఏడాదిలో ఆవిరి చేయగల నీరు ఇక్కడ కురిసే వానకు మూడు రెట్లకు పైనే. వెయ్యి లీటర్ల నీరు ఆవిరి కావడానికి పట్టే వేడిని కరెంటు లెక్కలో చెబితే సుమారు 680 యూనిట్లు. ఆ ఖర్చంతా సూర్యుడు పెట్టుకుంటాడు, బిల్లు రాదు కనుక మనకు కనబడదు. పైగా వాన పడే తీరు కూడా ఆవిరికే అనుకూలం. జూన్, జూలైల్లో ముంగారు జల్లులు ఐదు, పది మిల్లీమీటర్లుగా పడి, పైమట్టిని తడిపి, రెండు రోజుల ఎండకు మాయమవుతాయి. ఆ తడినే ఇక్కడి రైతు పదును అంటాడు. వేరుశనగ విత్తేది, పెరిగేది, ఊడలు దిగేది ఆ పదును మీదనే. స్వీడన్ జలశాస్త్రవేత్త మాలిన్ ఫాల్కెన్‌మార్క్ 1990లలో ఈ మట్టితేమకు పచ్చనీరని, ఏరుల్లోనూ బావుల్లోనూ ఉండేదానికి నీలినీరని పేర్లు పెట్టి, ప్రపంచ వ్యవసాయంలో ఎక్కువ భాగం పచ్చనీటి మీదే నడుస్తుందని చూపారు. అనంతపురం వేరుశనగ రైతుకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. చెప్పాల్సింది నీటిపారుదల శాఖల లెక్కలకు. వాటిలో నదికీ జలాశయానికీ పద్దులున్నాయి, పదునుకు పద్దు లేదు.

ఆవిరిగా పోగా, ఏట్లో పారగా, మిగిలిన కాస్తా నేలలోకి ఇంకుతుంది. ఎంత ఇంకుతుందో నిర్ణయించేది కింద ఉన్న రాయి. పెనుకొండ కోటగుట్ట నుంచి లేపాక్షి బండల దాకా ఇక్కడ కనిపించేది గ్రానైటు, దాని బంధువు నైసు; రెండు వందల యాభై కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లు. ఇసుకమేటల్లాగా వీటి గుండా నీరు దిగదు. పైన పది ఇరవై మీటర్ల లోతుదాకా రాయి పుచ్చి మొరంగా మారిన పొర ఉంటుంది. దాని కింద గట్టి బండ, బండలో అక్కడక్కడా పగుళ్లు. ప్రభుత్వ భూగర్భజల అంచనాల్లో ఇలాంటి నేలలకు ఇంకుడు వానలో సుమారు పదో వంతుగా తీసుకుంటారు. అంటే 55 మిల్లీమీటర్లు, ఎకరాకు 2.2 లక్షల లీటర్లు. పాత జిల్లా అంతటా కలిపి దాదాపు 37 టీఎంసీలు. యాదృచ్ఛికమే అయినా, హంద్రీ-నీవా మొత్తం వాటాకు ఇది దగ్గరగా ఉంది. మన కాళ్లకింద ప్రతి ఏటా చప్పుడు లేకుండా ఒక హంద్రీ-నీవా చేరుతోందన్నమాట.

ఆ రాతికి ఇంకో గుణముంది, దాన్ని పట్టించుకోకపోవడం వల్ల చాలా అపోహలు పుట్టాయి. మొరం పొరలో నీరు పట్టే ఖాళీ చాలా తక్కువ. ఘనపరిమాణంలో నూటికి రెండు పాళ్లు అనుకోవచ్చు. అందువల్ల 55 మిల్లీమీటర్లు ఇంకితే బావిలో మట్టం దాదాపు రెండు ముప్పావు మీటర్లు లేస్తుంది. చూసినవారికి పాతాళగంగ పొంగినట్టుంటుంది. అంతే తేలికగా, 55 మిల్లీమీటర్లు తోడితే రెండు ముప్పావు మీటర్లు దిగిపోతుంది. మంచి వాన పడిన ఏడు బోర్లు నిండాయని కొత్తవి వేయడం, మరుసటి ఏడు అవన్నీ ఒకేసారి ఎండడం ఇందువల్లే. మట్టం అంత వేగంగా లేచిందంటే లోపల నీరు ఎక్కువుందని అర్థం కాదు, పాత్ర చిన్నదని అర్థం. చిన్న పాత్ర త్వరగా నిండుతుంది, త్వరగా అడుగంటుతుంది. వెయ్యి అడుగుల బోరు ఈ పాత్రను పెద్దది చేయదు; లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, దొరికేది ఏళ్ల తరబడి రాతి సందుల్లో నిలిచిన పాతనీరు. అంతకాలం రాతితో కలిసి ఉన్న నీటిలో ఫ్లోరైడు కరుగుతుంది. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాలోని వందలాది గ్రామాలకు నీరు తీసుకురావాల్సి రావడానికి ఫ్లోరైడు పెద్ద కారణం.

ఈ నేల తీరు తెలియని మనుషులు ఇక్కడ ఎన్నడూ లేరు. గౌరీబిదనూరు తాలూకాలో దొరికిన 1388 నాటి శాసనం ఒకటుంది. హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి పాలిస్తూ, హెన్నె నదిని, అంటే పెన్నను, పెనుకొండకు తీసుకురమ్మని జలసూత్ర నిపుణుడు సింగయభట్టును ఆదేశించాడు. కల్లూడి దగ్గర నుంచి సిరువెర చెరువుకు ఆయన కాలువ తవ్వించి దానికి రాజు పేరు పెట్టాడు. నది నీరు కాలువలో, కాలువ నీరు చెరువులో. చెరువు చేసిన పని పొలాలకు తూము వదలడం ఒక్కటే కాదు, నీటి వేగాన్ని తగ్గించడం కూడా. ఒక్క రాత్రిలో వంకలో కొట్టుకుపోయే నీరు నెలల తరబడి చెరువు గర్భంలో నిలిస్తే కొంత కట్ట కింది ఊటబావుల్లోకి దిగుతుంది. చెరువు మరువ పారితే కింది చెరువుకు చేరుతుంది. బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు ఈ తరహావే. లోటు కూడా చెప్పాలి: ఇక్కడి ఎండకు తెరిచి ఉన్న నీటి మీద నుంచి ఏడాదిలో మనిషెత్తు నీరు పోతుంది. లోతులేని చెరువును నిండుగా ఏడాది పొడవునా ఉంచుకోవడం అసాధ్యం. చెరువు నీరు భూమిలోకి దిగినంతనే దక్కినట్టు. ఎగువన ఒక చెరువు కడితే దిగువన ఒక చెరువుకు ఆ మేరకు తగ్గుతుందని కూడా పాలకులు గ్రహించారు. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందంలో పెన్న, చిత్రావతి, పాపఘ్ని మూడూ ఉన్నాయి. వాటి మీద మద్రాసు సమ్మతి లేకుండా మైసూరు కొత్త కట్టడాలు కట్టరాదన్నది దాని సారం. న్యాయాన్యాయాల మాట వేరు. నీటి పద్దు ఒకటేనన్న గ్రహింపు మాత్రం అందులో ఉంది.

ఆ పద్దులో మన కాలంలో వచ్చిన మార్పు బోరు. కపిలతో తోడినంతకాలం ఎద్దుల బలమే హద్దు. బావి అడుగు కనిపిస్తే ఆపక తప్పదు. విద్యుత్ మోటారు ఆ హద్దును చెరిపింది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చాక, అప్పుల్లో మునిగిన రైతుకు అది ప్రాణం పోసిందన్నది ఎంత నిజమో, తోడే ప్రతి అదనపు గంటకూ ధర లేకుండా పోయిందన్నదీ అంతే నిజం. ఈ ప్రాంతపు మండలాలు భూగర్భజల అంచనాల్లో అతివినియోగం కింద పలుమార్లు చేరాయి. ఎందుకో ఒక్క పంట చెబుతుంది. ఎకరా వరికి 1200 మిల్లీమీటర్ల తడి పెడితే 48 లక్షల లీటర్లు. అందులో మూడో వంతు తిరిగి ఇంకిందనుకున్నా, ఆ ఒక్క ఎకరం దాదాపు పదిహేను ఎకరాల ఇంకుడును గాలిలోకి పంపుతుంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌ను నడిపించే మల్బరీకి ఏడాది పొడవునా తడి కావాలి. ధర్మవరం మగ్గం మీది పట్టుచీరలో మల్బరీ ఆకుల మీదుగా ఆకాశానికి పోయిన నీరుంది. ఆ పంట వద్దని నా వాదం కాదు. వేలాది కుటుంబాలకు అది నిలకడైన ఆదాయం. ఎన్ని ఎకరాల వాన కలిస్తే ఒక ఎకరం తోట నిలుస్తుందో లెక్కించకుండా తోటలు పెంచడమే చిక్కు.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం, అసలు వానలే తగ్గాయి కదా అన్నది. ఈ సీమలో వాన ఏనాడూ నమ్మకంగా లేదు. 550 అన్నది సగటు. ఒక ఏడు దాని సగానికి పడిపోతుంది, మరో ఏడు నవంబరు నెలలోనే కట్టలు తెగేంత కురుస్తుంది. 2021 నవంబరులో చిత్రావతి ఒడ్లు దాటి పారింది. వేడెక్కుతున్న గాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది కాబట్టి కుండపోతలు, వాటి మధ్య పొడి రోజులు పెరుగుతాయన్నది శాస్త్రవేత్తల అంచనా, దాన్ని తేలికగా తీసుకోకూడదు. కానీ ముప్పై నలభై అడుగుల ఊటబావులు వెయ్యి అడుగుల బోర్లకు చోటివ్వడాన్ని వాన ఒక్కదానితో వివరించలేం. సగటు వాన అంతగా కూలిపోలేదు. తోడకం మాత్రం ఒక తరంలో రూపమే మారిపోయింది.

రెండో మాట, నీరంతా వృథాగా సముద్రం పాలవుతోందన్నది. వరద వచ్చిన ప్రతిసారీ ఇది వినిపిస్తుంది. పెన్న లెక్క పైన చూశాం: పోయే ఆరు వంతుల్లో దాదాపు ఐదు సముద్రానికి కాదు, ఆకాశానికి. మిగిలిన వంతు కూడా చాలా ఏళ్లు హిందూపురం దగ్గర ఇసుక మీద సన్నగా పారి, ఏ కొన్నాళ్లకో ఒకసారి నాలుగు రోజుల్లో ముంచుకొచ్చేది. అడ్డుకట్టల సంఖ్య పెంచుతూ పోతే కొంతదాకా లాభమే. ఆ తరవాత ఎగువ చెక్‌డ్యాం పట్టినది దిగువ చెరువుకు రావాల్సిన నీరే అవుతుంది. కొత్త నీరు పుట్టదు.

ఇంతకన్నా పదునైన ప్రశ్న ఇంకొకటుంది. ఆవిరైన నీరు మళ్లీ వానగానే కురుస్తుంది కదా, మరి నష్టమేమిటి? ప్రపంచం మొత్తానికి నష్టం లేదు. నేల మీద పడే వానలో సుమారు నలభై శాతం నేల మీద నుంచే ఆవిరైన నీరని 2010లో వాన్ డెర్ ఎంట్ బృందం లెక్కగట్టింది. అయితే ఆవిరి గాలిలో సగటున ఎనిమిది పది రోజులుంటుంది, ఆ లోపల గాలి దాన్ని వందల, వేల కిలోమీటర్లు మోసుకుపోతుంది. పెనుకొండ మల్బరీ వదిలిన ఆవిరి ఏ బంగాళాఖాతం మీదో, ఏ బర్మా కొండల్లోనో కురవవచ్చు. చక్రం తిరుగుతూనే ఉంటుంది, మన ఊరి మీదుగానే తిరగాలన్న నియమం దానికి లేదు. చెట్లు పెంచితే వానలు వస్తాయన్న నమ్మకాన్నీ ఇదే తరాజులో తూచాలి. ఖండమంత అడవి వాన తీరును మార్చగలదు. ఒక మండలంలోని తోపు మార్చలేదు. చెట్టు వేళ్లు మట్టిని గుల్లచేసి ఇంకుడును పెంచుతాయి, అవే వేళ్లు తేమను తాగుతాయి. బుర్కినా ఫాసో మెట్టభూముల్లో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో మరీ దట్టమైన తోపుకన్నా, బోడినేలకన్నా, పలచగా చెట్లున్న నేలలో ఎక్కువ నీరు కిందికి దిగింది. మన నేలకూ ఆలోచించదగ్గ మాట అది.

ఇక హంద్రీ-నీవా. గొల్లపల్లి జలాశయానికి కృష్ణ నీరు రావడం, దాన్ని నమ్ముకునే ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం నిలవడం ఈ తరం కళ్లారా చూసింది. తాగునీటికి, చెరువులు నింపడానికి ఆ నీరు అక్కరకొచ్చింది, అందులో సందేహం లేదు. కానీ శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్లు. హిందూపురం 600 మీటర్లకు పైన ఉంది. వెయ్యి లీటర్లను 300 మీటర్లు ఎత్తడానికే, పంపుల నష్టాలు కలిపితే, ఒక యూనిట్ కరెంటు దాటుతుంది. అలా ఎక్కించిన నీటినే తెరిచి ఉన్న కాలువల్లో, చెరువుల్లో ఎండకు వదిలితే కథ మళ్లీ మొదటికే. కృష్ణకు వరద రాని ఏడు ఈ వాటా కూడా రాదు. బయటి నీరు లోటును పూడ్చే సాయం, ఇంటి పద్దు రాయకుండా తప్పించుకునే దారి కాదు.

బిందుసేద్యం మీద పెట్టుకున్న ఆశకు కూడా ఇక్కడే హద్దు కనిపిస్తుంది. కాలువ కట్టి పారించినప్పుడు మొక్క తాగగా మిగిలింది కొంత కిందికి దిగి బావికే చేరేది; డ్రిప్పు దాన్ని ఆపుతుంది. మిగిలిన నీటితో రైతు మరో ఎకరం సాగు చేస్తే, ఆకుల మీదుగా పైకి పోయే నీరు మొత్తంగా పెరుగుతుంది. డ్రిప్పు మంచి పనిముట్టు. దానితో పాటు సాగు విస్తీర్ణానికి హద్దు లేకపోతే భూమిలోని నీటికి ఒరిగేది తక్కువ.

హద్దు ఎవరు గీయాలి? 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రభుత్వానికి బావుల నమోదు, అనుమతి అధికారాలిచ్చింది. కాగితం మీద అది గట్టిదే; వేల బోర్ల మీద కాపలా మాత్రం ఏ కార్యాలయానికీ సాధ్యం కాదు. అంతకన్నా ఆశ కలిగించినది అనంతపురం సహా ఏడు జిల్లాల్లో 2003 నుంచి కొన్నేళ్లు నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం. అక్కడ ఊరివాళ్లే వానమానిని పెట్టుకున్నారు, బావుల మట్టాలు కొలిచారు, నైరుతి కాలం ముగిశాక కూర్చుని ఈ ఏడు ఎంత ఇంకింది, రబీకి ఎంత కావాలి అని లెక్క వేసుకున్నారు. ఎవరూ ఎవరినీ నిర్బంధించలేదు. లెక్క కళ్లెదుట ఉండడంతో చాలామంది వరి తగ్గించి తక్కువ తడి పంటలవైపు మళ్లారు. లోపాలు లేకపోలేదు, బయటి సాయం ఆగాక చాలాచోట్ల కొలత కూడా ఆగింది. అయినా పదో తరగతి చదివిన పిల్ల చేయగల లెక్క ఇదని ఆ ఊళ్లు రుజువు చేశాయి.

కాబట్టి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఊళ్ల పాఠకులకు ఒక విన్నపం. ఈ అక్టోబరులో పంచాయతీ దగ్గర ఒక వానమానిని, ఊళ్లో నాలుగు బోర్ల దగ్గర మట్టం కొలిచే తాడు ఏర్పాటు చేసుకోండి. పడిన వానలో పదో వంతునే ఊరి సొమ్ముగా లెక్కగట్టి, హింగారు (రబీ) పంటలు ఆ సొమ్ముకు లోబడి వేసుకోండి. లెక్కను బడి గోడ మీద అందరికీ కనబడేలా రాయించండి.